రెండే గొంతులున్న ‘ఫెనీచె ఫూ’ మాడ్రిగల్ ఎలా అవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. చదువు కోసం విదేశం వెళ్లి అక్కడ ఒక గాయక బృందంలో చేరారు. ఇటలీ స్వరకర్త జాకోపో ద బొలొన్యా స్వరపరచిన ‘ఫెనీచె ఫూ’ మీకూ ఇంకొక గాయనికీ ఇచ్చి, ఇది మాడ్రిగల్ (ఇటాలియన్ పద్యానికి కట్టిన పాట), వచ్చే నెల పాడాలి అన్నారు. మాడ్రిగల్ అని వెతికి వింటే నాలుగైదు గొంతుల పాటలే దొరికాయి. మీ కాగితం మీద ఉన్నవి రెండే గొంతులు, అందులోనూ ఒక్క అక్షరం పట్టుకొని వరుసగా బోలెడు స్వరాలు. ఇది నిజంగా మాడ్రిగలేనా, దీని శైలి ఏమిటి, చిన్నప్పుడు నేర్చుకున్న కర్ణాటక సంగీతం దీనికి సాయపడుతుందా, కింది గొంతును వేణువుకు ఇచ్చేయవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను: మాడ్రిగలే. మీరు విన్నవి కూడా మాడ్రిగల్సే. పేరు ఒకటే గాని అవి రెండు వేరువేరు ప్రక్రియలు. మీ చేతిలో ఉన్నది 14వ శతాబ్దపు ఇటలీది. ఉత్తర ఇటలీ ప్రభువుల కొలువుల్లోనూ ఫ్లోరెన్స్‌లోనూ సుమారు 1340 నుంచి 1380 దాకా వెలిగింది. మీరు విన్నది 1520ల తరువాత పుట్టింది. మొదటిది వాడుక తప్పిన వందేళ్లకు పైగా గడిచాకే రెండోది వచ్చింది. క్షేత్రయ్య పదానికీ వ్యాకరణంలోని పదానికీ ఉన్నంత చుట్టరికం వీటి మధ్య ఉందనుకోండి, చాలు.

నా గురించి ఒక్క మాట. నేను రాజమండ్రిలో పెరిగాను, పదేళ్లకు పైగా గాత్రం నేర్చుకున్నాను. ఆ తరువాత యూరప్ వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ప్రాచీన సంగీతం పాడే ఒక చిన్న బృందంలో ఉన్నాను. సంగీత చరిత్రలో పట్టా లేదు. కింద చెప్పేవాటిలో చాలావరకు పాడి, తప్పు చేసి, దిద్దుకొని తెలుసుకున్నవి.

ఈ మాడ్రిగల్ మొదట పద్యం, తరువాతే పాట. మూడేసి పాదాల చరణాలు రెండు, కొన్నిసార్లు మూడు. చివర రెండు పాదాల ముక్క ఒకటి, దాని పేరు రితోర్నెల్లో. పాదానికి మామూలుగా పదకొండు అక్షరాలు, అప్పుడప్పుడు ఏడు. చరణాలన్నిటికీ ఒకే వరుస. రితోర్నెల్లోకి మాత్రం వేరే వరుస, చాలా పాటల్లో వేరే లయ విభజన కూడా ఉంటుంది. మీ కాగితం మీద రెండో చరణం మాటలు స్వరాల కింద కాకుండా పక్కనో అడుగునో విడిగా ఉంటే కంగారు పడకండి. మొదటి చరణం పాడిన స్వరాలనే మళ్లీ మొదటి నుంచి రెండో చరణంతో పాడాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. రితోర్నెల్లో అనే మాటలో ‘తిరిగి రావడం’ అనే అర్థం ఉంది కాబట్టి అది పల్లవి లాంటిదనుకుంటాం. కాదు. అది తిరిగి రాదు. చరణాలన్నీ అయ్యాక ఒకే ఒక్కసారి వచ్చి పాటను ముగిస్తుంది. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక సాధనలో మొదటి చరణం అయ్యీ అవగానే ధైర్యంగా రితోర్నెల్లో అందుకున్నాను. పక్కన ఉన్నాయన పాడడం ఆపి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మనది పల్లవి, అనుపల్లవి, చరణం, మళ్లీ పల్లవి అలవాటు. ఆ అలవాటును ఈ పాట గుమ్మం బయట వదిలి రావాలి.

ఇప్పుడు మీ పాటలోకి వద్దాం. మొదటి చరణం ఇదీ:

ఫెనీచె ఫూ ఎ విస్సి పూరా ఎ మోర్బిదా,
ఎ ఓర్ సొన్ త్రస్ముతాతా ఇన్ ఊనా తోర్తొరా,
కె వోలొ కొన్ అమోర్ పెర్ లె బెల్లోర్తొరా.

ఫీనిక్స్ పక్షినై స్వచ్ఛంగా, సుకుమారంగా బతికాను, ఇప్పుడు గువ్వగా మారాను, ప్రేమతో అందమైన తోటల్లో ఎగురుతున్నాను అని ఒక స్త్రీ అంటోంది. రెండో చరణంలో ఎండిన చెట్టు, బురదనీరు తనకు రుచించవంటుంది. వేసవి పోతుంది, చలికాలం ఇట్టే వచ్చి పడుతుంది అని కూడా అంటుంది. రితోర్నెల్లోలో, అలా బతికాను, అలాగే బతుకుతున్నాను, ఆడదానికి మర్యాదగా బతకడాన్ని మించినది లేదని రాయగలను అని ముగిస్తుంది. ఎండు చెట్టు, బురదనీరు ఊరికే రాలేదు. జోడు పోయిన గువ్వ ఎండు కొమ్మ మీదే వాలుతుందనీ, తేట నీరు ముట్టదనీ నాటి యూరప్ కవులకు ఒక కవిసమయం, మన చకోరం వెన్నెల తాగినట్టు. ఈ గువ్వ వాటిని వద్దంటోందంటే, నేను ఆ శోకించే గువ్వను కాను అని చెబుతోందని నేను చదువుకుంటాను. రెండో చరణం దిగులుగా పాడమని మీకు ఎవరైనా చెబితే ఈ మాట గుర్తు చేయండి.

సంగీతం ఈ పాదాలను ఎలా పట్టుకుంటుందో చూడండి. పాదం మొదట్లో ఒక సాగతీత, అంటే ఒకే అక్షరం మీద వరుసగా చాలా స్వరాలు. మధ్యలో మాటలు అక్షరానికి ఒకటో రెండో స్వరాలతో చకచకా నడుస్తాయి. పాదం చివర ఊనిక పడే, అంటే మాటలో నొక్కి పలికే, అక్షరం మీద మళ్లీ పెద్ద సాగతీత. ఆ తరువాత రెండు గొంతులూ ఒకచోటికి వచ్చి నిలుస్తాయి. తరువాతి పాదానికి కొన్నిసార్లు ఒక గొంతే చిన్న వంతెన వేస్తుంది. ఈ నమూనా మీకు కొత్త కాదు. మన ఊళ్లలో నాటకాల్లో పద్యం పాడేవారిని తలచుకోండి. మాటలన్నీ గబగబా స్పష్టంగా పలికి, పాదం కొసన రాగం తీస్తారు, జనం అక్కడ చప్పట్లు కొడతారు. తేడా ఏమిటంటే మన నటుడి రాగం అతని ఇష్టం, అతని ఊపిరి. ఇక్కడి రాగం స్వరకర్త లెక్కగట్టి రాసిపెట్టినది, పైగా పక్క గొంతుతో ముడిపడి ఉన్నది.

ఆ రెండో సాగతీత ఏ అక్షరం మీద అన్నది నా దృష్టిలో ఈ పాటకు గుండెకాయ. చాలా పాఠ్యపుస్తకాల్లో ‘చివరి నుంచి రెండో అక్షరం’ అని ఉంటుంది. ఇటాలియన్ మాటల్లో ఎక్కువ వాటికి ఊనిక అక్కడే పడుతుంది కాబట్టి సాధారణంగా అది నిజమే. మీ పాటలో మాత్రం కాదు. మోర్బిదా, తోర్తొరా, ఓర్తొరా, తోర్బిదా, దూబితొ, సూబితొ, స్క్రీవెరె, వీవెరె: ఎనిమిది పాదాల చివరి మాటలకూ ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీద ఉంది. అందుకే ప్రతి పాదానికీ పదకొండు కాక పన్నెండు అక్షరాలు వస్తాయి, పదో అక్షరం మీద ఊనిక. లెక్కపెట్టి చూడండి, అచ్చులు కలిసిపోయే చోట ఒకటిగా లెక్కించాలి. కవి ఇది పని గట్టుకొని చేశాడు. కాబట్టి ‘మోర్’ మీద రాగమంతా తీసి, ‘బిదా’ను తేలికగా వదలాలి. నేను మొదటిసారి పాడినప్పుడు ‘దా’ మీద బరువు వేసి నిలబడ్డాను. తెలుగులో ఊనిక మారితే మాట అర్థం మారదు, అందుకే మన చెవికి అది అంత తొందరగా ఆనదు. నివారణ ఒకటే. స్వరాలు పక్కన పెట్టి, పద్యాన్ని వారం రోజులు పద్యంగా చదవండి. మా బృందంలో ఇప్పటికీ కొత్త మాడ్రిగల్ తీసుకుంటే మొదటి రోజు ఎవరమూ పాడము.

రెండు గొంతుల సంగతి. మామూలుగా పై గొంతుకు అలంకారం ఎక్కువ, కింది గొంతు నింపాదిగా నడుస్తుంది. రెండూ మాటలతోనే పాడతాయి. ‘ఫెనీచె ఫూ’లో జాకోపో ఇంకొంచెం ఆట ఆడాడు. రెండు గొంతుల మధ్య దూరం తక్కువ, ఒకరు అన్నదాన్ని ఇంకొకరు ప్రతిధ్వనిలా అందుకునే చోట్లున్నాయి. ఒకరు ఆగినప్పుడు ఇంకొకరు, వీరు ఆగినప్పుడు వారు స్వరం వేసే చోట్లూ ఉన్నాయి. ఆ చోట్ల ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి సాధన చేయండి, కాగితాలు చూడకుండా. జుగల్బందీలో కళ్లతో సైగ చేసుకున్నట్టు చేసుకోవాలి.

ముగింపుల దగ్గర ఒక పద్ధతి స్పష్టంగా వినిపిస్తుంది. పై గొంతు ఒక మెట్టు ఎక్కుతుంది, కింది గొంతు ఒక మెట్టు దిగుతుంది, ఇద్దరూ పై షడ్జం, కింది షడ్జంలా స్థాయి భేదంతో ఒకే స్వరం మీద కలుస్తారు. లేదా ఇద్దరూ దగ్గరికి జరిగి అచ్చంగా ఒకే స్వరం మీద కలుస్తారు. ఆ కలయికకు ముందున్న స్వరాల జంటలో కాస్త ఒరిపిడి ఉంటుంది. దాన్ని తప్పించకండి, ఆ ఒరిపిడి వల్లే కలయిక తీయగా ఉంటుంది. తరువాతి కాలపు హార్మనీ పాఠాలు చదివినవారు మీ దగ్గర ఉంటే, రెండు గొంతులూ షడ్జ పంచమాల దూరంలో జంటగా కదలడం తప్పు అంటారు. ఆ నియమం ఈ సంగీతానికి వర్తించదు. ఇక్కడ ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాల గుత్తులు (కార్డ్‌లు) లేవు, రెండు వరుసలే ఉన్నాయి.

కర్ణాటక సంగీతం సాయమా, అడ్డమా? రెండూ. అకార సాధన చేసిన గొంతు మీకు వరం. సాగతీతల్లో ప్రతి స్వరం విడివిడిగా, ఊపిరి చెదరకుండా పలకడం అక్కడ నేర్చిందే. ఇక్కడ పుట్టి పెరిగిన నా తోటివారికి ఆ పని రావడానికి నెలలు పట్టింది. అడ్డు ఎక్కడంటే, మొదటిది గమకం. స్వరం నుంచి స్వరానికి జారితే పక్క గొంతుతో కలవాల్సిన దూరం కరిగిపోతుంది. మీరు చేస్తున్నట్టు మీకు తెలియదు, ఇంకొకరు చెప్పాలి. రెండోది శ్రుతి. నేను మొదట్లో ఫోనులో తంబురా పెట్టుకొని సాధన చేసేదాన్ని. మొదటి పాదం బాగానే కుదిరేది. రెండో పాదం ముగింపు దగ్గర ఏదో తప్పు పాడుతున్నానని అరగంట కొట్టుకునేదాన్ని. తప్పు నాది కాదు, తంబురాది. ఈ పాటలకు ఒకే ఆధార షడ్జం లేదు. పాదం పాదానికి నిలిచే స్వరం మారుతుంది, పాట మొదలైన చోటే ముగియాలన్న నియమం కూడా లేదు. తంబురా కట్టేసి, రెండో గొంతు రికార్డు చేసుకొని దానితో సాధన చేయండి.

లయలో మాత్రం మన చదువు బాగా అక్కరకొస్తుంది. నాటి ఇటాలియన్ స్వరలిపి ఫ్రెంచి లిపి కంటే వేరు. పడువా వాసి మార్కెత్తో 1318 ప్రాంతంలో రాసిన ‘పొమేరియుం’ అనే గ్రంథంలో దాని సూత్రాలున్నాయి. బ్రేవిస్ అనే ఒక కాల ప్రమాణం ఉంటుంది. దాన్ని 4గా, 6గా, 8గా, 9గా, 12గా విభజిస్తారు. మన గతి భేదానికి ఇది అచ్చంగా సమానం కాదు గాని, అడుగు అదే ఉండి లోపలి నడక మారుతుందన్న ఊహ మీకు వెంటనే అందుతుంది. ఏ విభజనో చెప్పడానికి చిన్న అక్షరం రాసేవారు, 8కి ఒకటి, 12కి ఒకటి. ఒక్కో బ్రేవిస్ పూర్తయ్యాక చుక్క పెట్టేవారు. చుక్కకూ చుక్కకూ మధ్య రావాల్సినన్ని స్వరాలు లేకపోతే, ప్రత్యేక గుర్తు ఏదీ లేనప్పుడు, చివరి స్వరాలే పొడవు అవుతాయి. చుక్క ఒక గోడ లాంటిది, స్వరాలు సాధారణంగా దాన్ని దూకవు. మీకు ఇచ్చిన కాగితం ఆధునిక లిపిలో ఉంటుంది, అందులో గోడలు గీతలుగా మారి ఉంటాయి. గీత దగ్గర ఊనిక వేయమని దాని అర్థం కాదు. ఊనిక ఎక్కడో పద్యం చెబుతుంది.

వీలైతే స్క్వార్చలూపి తాళపత్రం చూడండి. అలవాటు కొద్దీ తాళపత్రం అన్నాను, నిజానికి అది తోలు పుటల గ్రంథం. 1410–1415 ప్రాంతంలో తయారైంది, ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో 350 దాకా పాటలున్నాయి, వాటిలో మాడ్రిగల్స్ వందకు పైనే. ఒక్కో స్వరకర్త పాటలు మొదలయ్యే చోట ఆయన బొమ్మ, చుట్టూ బంగారు పూతతో అలంకారం. ఆరు గీతల మీద స్వరాలు, వాటి కింద మాటలు. ఆ పుటల చిత్రాలు చూశాక నాకు సాగతీతల మీద భయం పోయింది. అచ్చు కాగితం మీద ఎంతో దూరం పరుచుకున్నట్టు కనిపించేవి అక్కడ ఒక్క చూపులో పట్టే గుత్తుల్లా ఉంటాయి.

జాకోపో ఎవరన్నది కూడా శైలికి సంబంధించిందే. మిలాన్‌లో లుకీనో విస్కోంతి కొలువులోనూ, వెరోనాలో మస్తీనో దెల్లా స్కాలా కొలువులోనూ పని చేశాడు. వెరోనాలో మస్తీనో బహుమతులతో ఉసిగొల్పుతుంటే జొవాన్ని ద కాషా అనే స్వరకర్త జాకోపోతో పోటీపడి మాడ్రిగల్స్ కట్టాడని ఫ్లోరెన్స్ చరిత్రకారుడు ఫిలిప్పో విల్లాని రాశాడు. రాయల కొలువు కథలు విని పెరిగిన మనకు ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు. అందుకే ఈ మాడ్రిగల్స్‌లో ఇన్ని పక్షులు, దాచిపెట్టిన పేర్లు, పొగడ్తలు. అన్నా అనే స్త్రీ పేరును మాటల్లో దాచిన పాటలు అక్కడివే. ఇది గుడిలోనో వీధిలోనో పాడినది కాదు, తెలిసిన కొద్దిమంది ముందు ఇద్దరు నేర్పరులు పాడినది. పెద్ద హాల్లో వెనక వరుసకు వినిపించాలని గొంతు పెంచితే ఈ పాట చెడుతుంది.

ఇది నా మాట కాదు, జాకోపో స్వరపరచిన మాటే. ‘ఒసెల్లెత్తో సల్వాజో’ అనే మరో మాడ్రిగల్‌లో గట్టిగా అరిచేవాడిని నేను మెచ్చుకోను, మృదువుగా తీయగా పాడితేనే అందమైన పాట, దానికి నేర్పు కావాలి అని ఉంది. అక్కడితో ఆగకుండా, ఆ నేర్పు కొందరికే ఉన్నా అందరూ గురువులైపోయి బల్లాతలు, మాడ్రిగల్స్, మోటెట్లు అంటూ రకరకాల పాటలు కట్టేస్తున్నారనీ, చిల్లర గురువులతో నేల నిండిపోయి శిష్యులకు చోటు లేదనీ దెప్పుతుంది. ఇంటర్నెట్‌లో సంగీతం గురించి పొడుగ్గా రాస్తున్న నేను ఆ పాదం పాడినప్పుడల్లా కొంచెం తల దించుకుంటాను.

మాడ్రిగల్ అనే మాట ఎక్కడిదంటే పండితులు ఏకం కాలేదు. 1332లో ఛందోగ్రంథం రాసిన ఆంతోనియో ద తెంపో, మంద అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందన్నాడు, అంటే గొల్లల పాట. మాతృభాషలో పాట అనే అర్థమని ఇంకొందరు. నాకు రెండోది ఎక్కువ నచ్చుతుంది, కారణం అభిమానమే.

దీని తరువాత ఏం జరిగిందో క్లుప్తంగా. ఇదే మూడు పాదాల చరణంతో ఇటాలియన్ కవి పెట్రార్కా నాలుగు మాడ్రిగల్స్ రాశాడు. వాటిలో ‘నోన్ అల్ సూఒ అమాంతె’ను జాకోపో స్వరపరిచాడు. పెట్రార్కా బతికి ఉండగా ఆయన పద్యానికి కట్టిన వరుసల్లో మన దాకా వచ్చింది అదొక్కటే. ‘ఫెనీచె ఫూ’ తరువాత అది తీసుకోండి, ఊనిక మామూలు చోటే ఉంటుంది కాబట్టి తేలిక. 14వ శతాబ్దం చివరికి వచ్చేసరికి మోజు బల్లాత వైపు మళ్లింది. పల్లవి తిరిగి వచ్చేది అందులోనే. 1397లో చనిపోయిన అంధ ఆర్గన్ విద్వాంసుడు ఫ్రాంచెస్కో లాందీని పాటల్లో బల్లాతలు 140 దాకా ఉంటే మాడ్రిగల్స్ డజనుకు అటూ ఇటూ. ఇక 16వ శతాబ్దపు మాడ్రిగల్‌లో నిర్ణీత పద్యరూపం లేదు, చరణాలకు ఒకే వరుస తిరిగి రాదు, ప్రతి మాట భావానికీ కొత్త సంగీతం కడతారు. ఏడుపు మాట వస్తే సంగీతం ఏడుస్తుంది. మీ పాటలో ‘ఎగురుతున్నాను’ అన్నచోట సంగీతం ఎగరాలని వెతకకండి. అదే వరుసలో రెండో చరణంలో వేసవి పోయి చలికాలం వస్తుంది మరి.

చివరిగా వేణువు. పాత పుస్తకాల్లో కింది గొంతు వాద్యానిదే అన్న అభిప్రాయం కనిపిస్తుంది. రాతప్రతుల్లో ఈ మాడ్రిగల్స్‌కు రెండు గొంతుల కిందా మాటలు రాసి ఉన్నాయి కాబట్టి ఇద్దరూ పాడడమే నాకు సరైనదనిపిస్తుంది. ఒకసారి కచేరీకి ముందు రోజు మా రెండో గాయనికి జలుబు చేస్తే వేణువుతో కానిచ్చాం. పాట అందంగానే వినిపించింది గాని, ఒకరి మాట ఇంకొకరు అందుకునే చోట్ల నేను ఒక్కదాన్నే మాట్లాడుతున్నట్టు ఉంది. పైగా వేణువు నాకంటే పైస్థాయిలో పలికి, కింది గొంతు కాస్తా పై గొంతైపోయింది. మీ తోటి గాయని ఉన్నంతవరకు ఆమెతోనే పాడండి. తప్పనిసరైతే వేణువు కాకుండా కమానుతో వాయించే తీగ వాద్యం ఏదైనా అడగండి, అది మీ గొంతు కిందే ఉంటుంది.